రాళ్లన్నీ ఒకేలా అరిగితే?

చమురు బావుల్లో ప్రవాహాన్ని కొలిచే సెన్సర్లు తమ తప్పును తామే దిద్దుకునేలా చేయడం నా ఉద్యోగం. ఆ పనిలో నేను చేసిన ఒక పొరపాటు, అది గుర్తుచేసిన మా తాతయ్య కిరాణా కొట్టు గురించి నాలుగు మాటలు.

బాతెల్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆ వేళకు ఊళ్లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ క్యాంపస్ పక్కనున్న చిత్తడి నేలల మీదికి కాకులు దిగుతాయి. పదీ ఇరవై కాదు, వేలకు వేలు. సియాటెల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జట్లు జట్లుగా వచ్చి, అక్కడి చెట్ల మీద రాత్రి గడిపి, తెల్లారగానే వెళ్లిపోతాయి. కోనసీమ నుంచి మొదటిసారి మా ఇంటికి వచ్చిన నాన్నను అది చూపించడానికి తీసుకెళ్లాను. ఆయన జాకెట్టు జిప్పు మెడ దాకా లాక్కుని, ఆకాశం వంక చాలాసేపు చూశారు. ‘‘మన ఊళ్లో తద్దినం పెట్టి గంటసేపు పిలిచినా ఒక్క కాకి రాదు. ఇక్కడ పిలవకుండానే ఇన్నా!’’ అన్నారు.

తిరిగి వస్తుంటే కారులో అడిగారు. ‘‘ఇంతకీ నువ్వు చేసే పని ఏమిట్రా? గుళ్లో ఎవరో అడిగితే కంప్యూటర్లు అని చెప్పేశాను.’’

‘‘బురద కొలుస్తాను నాన్నా’’ అన్నాను.

ఆయన నవ్వలేదు. ‘‘రిగ్గు బురదేనా?’’ అన్నారు. కోనసీమ వాళ్లకు ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

నిప్పు వెలుగులో రెండు నెలలు

1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ జరిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఓఎన్జీసీ తవ్వుతున్న బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని అంటుకుంది. విదేశీ నిపుణులు వచ్చి ఆర్పేసరికి మార్చి నెల సగం గడిచింది. రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. మా ఊరు కొంచెం దూరం కాబట్టి మేం కదల్లేదు గానీ, మా అత్త వాళ్లు పిల్లల్నీ, గేదెల్నీ తోలుకుని మా ఇంటికి వచ్చేశారు. రాత్రిళ్లు తూర్పు దిక్కు ఎర్రగా ఉండేది. పెరట్లో కొబ్బరి చెట్ల నీడలు రాత్రిపూట నేల మీద పడటం నేను చూసింది అప్పుడే. అన్నిటికంటే గుర్తున్నది ఆ హోరు. వాన లేదు, గాలి లేదు, ఎక్కడో ఉప్పెన వస్తున్నట్టు హోరు.

ఆ మంటను చూస్తూ పెరిగిన వాణ్ని ఇంజినీరింగు చదివాక చమురు రంగానికి దూరంగా ఉందామనుకున్నాను. కొన్నాళ్లు ఉన్నాను కూడా. మళ్లీ అక్కడికే చేరింది బాతెల్ వల్లే.

అల్ట్రాసౌండ్ ఊళ్లో చమురు పని

బాతెల్ అంటే మన వాళ్లకు మైక్రోసాఫ్ట్ వెళ్లే దారిలో ఇల్లు కొనుక్కునే ఊరు. కానీ ఈ ఊరికి ఇంకో పేరుంది. వైద్యంలో వాడే అల్ట్రాసౌండ్ యంత్రాలకు ఇది పాత కాపు. 1998లో ఫిలిప్స్ కొన్న ఏటీఎల్ అనే సంస్థ ఇక్కడిదే. అదే ఏడాది ఏటీఎల్ నుంచి విడిపోయి, చేత్తో పట్టుకెళ్లగలిగే స్కానర్లు చేసిన సోనోసైట్ కూడా ఇక్కడే పెరిగింది. రక్తం ఎంత వేగంగా పారుతోందో శబ్ద తరంగాలతో కనిపెట్టే డాప్లర్ పద్ధతి మీద 1960లలోనే పక్కనున్న సియాటెల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో పెద్ద కృషి జరిగింది.

కూత పెడుతూ దగ్గరకొచ్చే రైలు గొంతు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రం అదే. కదిలే రక్త కణానికి తగిలి తిరిగొచ్చిన శబ్దంలో తేడా చూస్తే దాని వేగం తెలుస్తుంది. రక్తనాళం బదులు ఇనుప గొట్టం, రక్త కణం బదులు బురదలో రాతి నలుసు పెట్టుకోండి. లెక్క మారదు. నేను మొదట ఆస్పత్రి స్కానర్ల మీదే పనిచేశాను. తర్వాత పాతికమంది పనిచేసే ఒక చిన్న సంస్థకు మారాను. మాది చమురు రిగ్గుల మీద ప్రవాహాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్. పుట్టబోయే పాప గుండె చప్పుడు వినిపించిన విద్యే టెక్సాస్ ఎడారిలో బురద గొట్టానికి కట్టాం.

పోసిందెంత? వచ్చిందెంత?

బావి తవ్వేటప్పుడు బురద ఎందుకో ముందు చెప్పాలి. ఇది మన చేలో బురద కాదు. నీరో నూనెనో ఆధారంగా చేసుకుని, బంకమట్టి, బెరైట్ లాంటి బరువైన ఖనిజం కలిపి, కావలసిన బరువుకు తయారుచేసే ద్రవం. పైనుంచి పంపులతో డ్రిల్లు పైపు లోపలికి పోస్తారు. అది అడుగుకు వెళ్లి, బిట్టును చల్లార్చి, తవ్విన రాతి ముక్కల్ని మోసుకుంటూ పైపు చుట్టూ ఉన్న సందులోంచి పైకి వస్తుంది. దానికి ఇంకో పెద్ద బాధ్యత ఉంది. భూమి లోపల ఒత్తిడిలో ఉన్న గ్యాస్, నూనె, ఉప్పునీరు బావిలోకి చొరబడకుండా తన బరువుతో ఆపేది ఈ బురదే. బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే ఇనుప కవాటాల గుట్ట రెండో కాపలా. మొదటి కాపలా బురద స్తంభం.

కాబట్టి రిగ్గు మీద అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చాలా చిన్నది. నిమిషానికి ఎంత పోశాం? ఎంత తిరిగి వచ్చింది? రెండూ సమానంగా ఉంటే బావి కుదురుగా ఉన్నట్టు. తక్కువ వస్తే బురద ఏ పగుల్లోకో పోతోంది. ఎక్కువ వస్తే లోపలినుంచి ఏదో దూరుతోంది. దాన్ని కిక్ అంటారు. కిక్‌ను వేళకు పట్టుకుంటే బావి మూసి, ఇంకా బరువైన బురద పంపి సర్దేస్తారు. పట్టుకోకపోతే అది బ్లోఅవుట్ అవుతుంది. గ్యాస్‌తో అసలు ప్రమాదం పైకి వచ్చే కొద్దీ పెరుగుతుంది. మూడు కిలోమీటర్ల లోతులో బురద కింద ఒత్తిడి వాతావరణ పీడనానికి 300 రెట్లకు పైగా ఉంటుంది. అక్కడ ఒక బిందెడు గ్యాస్ పైకి చేరేసరికి, స్కూల్లో చదివిన బాయిల్ నియమం ప్రకారం, దాదాపు మూడు వందల బిందెలవుతుంది.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. పేలుడుకు ముప్పావు గంటకు పైగా ముందు నుంచే పైపులో ఒత్తిడి తేడా చూపుతోందని విచారణలో తేలింది. అంకెలు తెర మీదే ఉన్నాయి. వాటికి అర్థం మాత్రం వేళకు తట్టలేదు.

తప్పే సెన్సర్లు, విసిగే మనుషులు

పోసిందెంత అన్నది కొలవడం తేలికే అనిపిస్తుంది. పంపు ఒక్కో స్ట్రోకుకు సుమారు 5 గ్యాలన్లు తోస్తే, నిమిషానికి 100 స్ట్రోకులకు 500 గ్యాలన్లు. మన లెక్కలో 1,900 లీటర్లు. కానీ పంపు ఎప్పుడూ నూటికి నూరు తోయదు. కొత్తగా ఉన్నప్పుడు 97 శాతం తోస్తే, లోపల రబ్బరు వాషర్లు, వాల్వులు అరిగే కొద్దీ అది 95కి పడిపోవచ్చు. ఒక్క శాతం తేడా అంటే నిమిషానికి 5 గ్యాలన్లు, గంటకు 7 బ్యారెళ్లు. రిగ్గు మీద ట్యాంకుల్లో 5 నుంచి 10 బ్యారెళ్లు పెరిగితేనే గంట మోగిస్తారు. అంటే పంపు అరుగుదల ఒక్కటే దొంగ కిక్‌ను పుట్టించగలదు, నిజం కిక్‌ను దాచగలదు.

తిరిగొచ్చే వైపు ఇంకా కష్టం. చాలా రిగ్గుల మీద ఇప్పటికీ ఉండేది గొట్టంలో వేలాడే ఒక రేకు. ప్రవాహం పెరిగితే అది లేస్తుంది. ఎంత లేచిందో చూసి శాతం చెబుతారు. దాని కింద రాతి పొడి పేరుకుంటే, బురద చిక్కబడితే, అంకె మారిపోతుంది. ఖర్చు పెట్టగలిగిన వాళ్లు కొరియోలిస్ మీటర్లు పెడతారు. వంపు తిరిగిన గొట్టాన్ని సన్నగా వణికిస్తూ, అందులో పారే ద్రవం ఆ వణుకును ఎంత మెలిపెట్టిందో చూసి బరువు చెబుతుంది. చాలా కచ్చితమైనదే. అయితే బురదలో గ్యాస్ బుడగలు కలిస్తే తడబడుతుంది. మనకు కచ్చితత్వం ఎక్కువగా కావలసింది బుడగలు వచ్చినప్పుడే.

ఈ తేడాల వల్ల జరిగేదేమిటంటే, గంటలు ఊరికే మోగుతాయి. రాత్రి పూట పన్నెండు గంటల డ్యూటీలో ఇరవైసార్లు గంట మోగి, ఇరవైసార్లూ ఏమీ లేకపోతే, ఇరవై ఒకటోసారి డ్రిల్లర్ లేచి చూస్తాడా? నాన్న పులి కథ చెప్పి ఊరుకోబెట్టేవారు. రిగ్గు మీద ఆ కథే రోజూ జరుగుతుంది.

మెషీన్ లెర్నింగ్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడ. పంపు స్ట్రోకులు, ఒత్తిడి, ఉష్ణోగ్రత, బురద బరువు, చిక్కదనం, పైపు కదలిక, ఇవన్నీ సెకను సెకనుకూ నమోదవుతాయి. ఇలా ఉన్నప్పుడు తిరుగు ప్రవాహం ఎంతుండాలి అన్నది యంత్రం వేల గంటల రికార్డు చూసి నేర్చుకుంటుంది. ప్రతి 28 మీటర్లకో ఎంతకో కొత్త పైపు తగిలించడానికి పంపులు ఆపుతారు. దాన్ని కనెక్షన్ అంటారు. పంపులు ఆగాక గొట్టాల్లో మిగిలిన బురద కారి, ప్రవాహం కొన్ని నిమిషాల్లో సున్నాకు దిగుతుంది. ఆ దిగే తీరు ఒక్కో బావికి ఒక్కో వేలిముద్ర లాంటిది. యంత్రం దాన్ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. పంపు అరిగినట్టో, రేకు కింద పొడి పేరుకున్నట్టో అనిపిస్తే, మనిషి వెళ్లి సున్నా సరిచేసే దాకా ఆగకుండా తనే దిద్దుకుంటుంది. మేం అమ్మింది ఇదే. దొంగ గంటలు బాగా తగ్గాయి. డ్రిల్లర్లు సంతోషించారు. నేనూ సంతోషించాను.

పచ్చగా ఉన్న తెర

కొన్నేళ్ల క్రితం మాట. పశ్చిమ టెక్సాస్‌లో ఒక రిగ్గు మీద మా సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. ఇక్కడ రాత్రి పదకొండు, అక్కడ ఒంటిగంట. నేను నిద్రపోయాను. నా ఫోను మోగలేదు. మోగాల్సిన పని లేదని మా సాఫ్ట్‌వేర్ అనుకుంది కాబట్టి.

అక్కడ బావిలోకి ఉప్పునీరు నెమ్మదిగా దూరడం మొదలైంది. పోసినదాని కంటే వచ్చేది ముందు అర శాతం ఎక్కువ, తర్వాత ఒకటి, తర్వాత రెండు శాతం. డెబ్బై నిమిషాల్లో డజను బ్యారెళ్లకు అటూ ఇటూగా, అంటే రెండు వేల లీటర్ల దాకా లోపలికి వచ్చాయి. అదే వేళకు ట్యాంకుల్లో కొత్త బురద కలుపుతున్నారు. మట్టం పెరగడం దాని వల్లే అనుకున్నారు. మా తెర మీద పోసిందీ వచ్చిందీ సమానంగానే ఉన్నాయి. పచ్చ రంగు.

పైపు తగిలించడానికి డ్రిల్లర్ పంపులు ఆపాడు. నాలుగైదు నిమిషాల్లో ఆగాల్సిన ప్రవాహం ఆగలేదు. ఆయన తెర చూడలేదు. లేచి వెళ్లి గొట్టం దగ్గర లైటు వేసి చూశాడు. సన్నగా పారుతూనే ఉంది. బావి మూసేశాడు. పొద్దుటికి బరువైన బురద పంపి సర్దారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మర్నాడు రికార్డు తెరిచి చూస్తే నా చేతులు చల్లబడ్డాయి. ముడి అంకెల్లో ఆ రెండు శాతం స్పష్టంగా కనిపిస్తోంది. దాని కిందే మా యంత్రం వేసుకున్న దిద్దుబాటు గీత. ఒకటి దగ్గర మొదలై మెల్లమెల్లగా 0.98కి దిగింది. తేడా వచ్చిన ప్రతిసారీ యంత్రం ‘బయటి సెన్సర్ కాస్త ఎక్కువ చూపిస్తోంది’ అనుకుని తగ్గించుకుంటూ పోయింది. బావి మొత్తుకుంటుంటే, ఆ మొత్తుకోలును సెన్సర్ జబ్బు కింద రాసేసింది.

ఆ నియమం రాసింది నేను. ‘అంతా నిలకడగా ఉన్నప్పుడు పోసిందీ వచ్చిందీ సమానం. కాకపోతే సెన్సర్ తప్పు.’ ఒక్క వాక్యం. అందులో ‘బావి బాగుంటే’ అనే షరతు ఉంది. దాన్ని నేను రాయలేదు, యంత్రం అడగలేదు. నెమ్మదిగా పెరిగే తేడా సెన్సర్ అరుగుదలకూ ఉంటుంది, నెమ్మదిగా దూరే నీటికీ ఉంటుంది. ఒక్క గీతను చూసి ఆ రెంటినీ విడదీయడం ఎంత పెద్ద మోడల్‌కైనా సాధ్యం కాదు.

ఆ డ్రిల్లర్‌తో మాట్లాడాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. తిడతాడనుకున్నాను. ఒక్కటే అడిగాడు: ‘‘ఆ సెన్సర్ అంకెను మీరు మార్చిన సంగతి నాకెందుకు చెప్పలేదు?’’

నా దగ్గర జవాబు లేదు. చూడటానికి చిందరవందరగా ఉంటుందని ముడి అంకెను తెర మీద నుంచి తీసేసింది కూడా మేమే. అది ఉప్పునీరు కాబట్టి సరిపోయింది. గ్యాస్ అయి ఉంటే ఏమయ్యేదో పాశర్లపూడి హోరు విన్నవాడికి వేరే చెప్పాలా?

తాతయ్య తూనిక రాళ్లు

ఆ వారం నాకు పదేపదే గుర్తొచ్చింది తాతయ్య కిరాణా కొట్టు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట బేరాలు లేనప్పుడు తాతయ్య తూనిక రాళ్లు సరిచూసేవాడు. ఒక పళ్లెంలో అయిదు కిలోల రాయి, ఇంకో పళ్లెంలో కిలో రాళ్లు అయిదు. ముల్లు మధ్యలో నిలబడితే తృప్తిగా తలాడించేవాడు.

ఒకరోజు అడిగాను. ‘‘తాతయ్యా, రాళ్లన్నీ ఒకేలా అరిగిపోతే? అప్పుడూ ముల్లు మధ్యలోనే ఉంటుంది కదా?’’

తాతయ్య నా వంక చూసి నవ్వాడు. ‘‘అందుకే ముద్ర వేసే రాయి మన కొట్లో ఉండకూడదురా. సర్కారు దగ్గరుండాలి’’ అన్నాడు.

తూనికలు కొలతల శాఖ వాళ్లు తమ దగ్గరున్న ప్రమాణం రాళ్లతో మన రాళ్లను పోల్చి, తేడా ఉంటే సీసం పోసి సరిచేయించి, అడుగున ముద్ర కొట్టేవాళ్లు. ఆ రోజుల్లో దాన్ని సర్కారు తతంగం అనుకున్నాను. నేను రాసిన సాఫ్ట్‌వేర్ చేసిన పని, అరిగిన రాళ్లను అరిగిన రాళ్లతో తూచుకుని, ముల్లు మధ్యలో ఉందని తృప్తిపడటం. లోపలి అంకెలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. అంత మాత్రాన అవి నిజం కావు.

మేం మార్చినవి

తర్వాతి కొన్ని నెలలు పాత నియమాన్ని విప్పి మళ్లీ కట్టాం. ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది, తొందరపడి నేర్చుకోకూడదు. రెండు కనెక్షన్ల మధ్య వచ్చిన అంకెల నుంచి యంత్రం నేర్చుకోవాలంటే, ఆ తర్వాతి కనెక్షన్‌లో పంపులు ఆపాక ప్రవాహం మామూలుగా సున్నాకు దిగాలి. అప్పుడే ఆ గంటన్నర కాలం మంచిదని తేలినట్టు. దిగకపోతే ఆ అంకెలు పాఠానికి పనికిరావు. ఆ రాత్రి డ్రిల్లర్ చేసిన పరీక్షే ఇప్పుడు యంత్రానికి అనుమతి పత్రం.

రెండోది, దిద్దుబాటుకు వేగ పరిమితి. పంపు రబ్బరు రోజుల తరబడి అరుగుతుంది, గంటలో అరగదు. గంటలో రెండు శాతం మారిందంటే అది అరుగుదల కాదు, ఇంకేదో. అలాంటప్పుడు యంత్రం దిద్దుకోవడం ఆపి మనిషిని పిలవాలి.

మూడోది, సాక్షులు వేరువేరు కుదుళ్లవి కావాలి. కొరియోలిస్‌కు బుడగలంటే పడదు. డాప్లర్ పని చేయాలంటే శబ్దం తగిలి తిరిగిరావడానికి బురదలో నలుసో బుడగో ఉండాలి. ట్యాంకు మట్టానికి ఈ గొడవేదీ లేదు గానీ ఎవరైనా బురద కలిపితే తప్పుతుంది. మూడింటి బలహీనతలూ వేరు కాబట్టి, మూడూ కలిసి ఒకే అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. దీనికి తోడు, అప్పుడప్పుడు కొలిచిన ట్యాంకులోంచి కొలిచిన ట్యాంకులోకి బురద తోడి పంపును సరిచూసే పాత పద్ధతిని మళ్లీ పెట్టాం. మనకు తెలిసిన ప్రమాణం రాయి అదే.

నాలుగోది డ్రిల్లర్ అడిగింది. ముడి అంకె, దిద్దిన అంకె పక్కపక్కనే కనిపిస్తాయి. ఎప్పుడు ఎంత దిద్దామో కింద రాసి ఉంటుంది. పచ్చ, ఎరుపు రంగులతో పాటు బూడిద రంగు కూడా పెట్టాం. సెన్సర్ తప్పో బావి మారిందో విడదీయలేకపోతే తెర బూడిద రంగులోకి మారుతుంది. ‘నాకు తెలియడం లేదు, వెళ్లి చూడండి’ అని దాని అర్థం.

ఇదంతా ఊరికే రాలేదు. దొంగ గంటలు మళ్లీ కొంత పెరిగాయి. మా సంస్థలోనే వాదన జరిగింది. ‘మనిషి అక్కర్లేదు’ అని అమ్మిన సరుకును ఇప్పుడు ‘మనిషి వెళ్లి చూడాలి’ అని అమ్మడమెలా అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, జీతాలు దాని మీదే ఆధారపడ్డాయి. చివరికి ప్రకటనలో ఆ ముక్క తీసేశాం. ఒక కొనుగోలుదారు పోయాడు. ఆ రిగ్గు వాళ్లు మాత్రం ఉన్నారు.

నూనె పంపకంలోనూ ఇదే తగువు

తవ్వడం అయిపోయి, బావి నూనె ఇవ్వడం మొదలుపెట్టాక కూడా ఈ సమస్య వదలదు. అప్పుడది ప్రాణాల నుంచి డబ్బు మీదికి మారుతుంది. మూడు బావుల నూనె ఒకే గొట్టంలో కలుస్తుందనుకోండి. విడివిడి మీటర్లు రోజుకు 500, 300, 200 బ్యారెళ్లని చెబుతున్నాయి. మొత్తం వెయ్యి. అమ్మకం దగ్గరున్న కచ్చితమైన మీటరు 980 అంటోంది. ఆ 20 ఎవరి ఖాతాలో తీయాలి? అందరికీ వాటా ప్రకారం కోస్తే తప్పు చేయని బావికీ కోత పడుతుంది.

సన్నబడిన గొంతులో ఒత్తిడి తేడా చూసి ప్రవాహం చెప్పే వెంచురీ మీటర్ల సంగతి చూడండి. లోపల మైనమో గారో పట్టి వ్యాసం ఒక్క శాతం తగ్గితే, ఆ మీటరు సుమారు 2 శాతం ఎక్కువ చూపిస్తుంది. పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఇక్కడ యంత్రం నిజంగా సాయం చేస్తుంది. ఏ బావి ఆపినప్పుడు తేడా మాయమవుతోంది, ఏది పెంచినప్పుడు పెరుగుతోంది అని నెలల రికార్డులో వెతికి, ఏ మీటరు తప్పుతోందో పట్టుకుంటుంది. అమ్మకం మీటరు బయటి సాక్షిగా ఉంది కాబట్టే అది సాధ్యం. మూడు బావులూ ఎప్పుడూ కలిసే పెరిగి కలిసే తగ్గితే మాత్రం ఎంత డేటా ఉన్నా దోషి దొరకదు. అప్పుడు ఒక్కోదాన్నీ విడిగా ఆపి చూడాల్సిందే.

అమెరికాలో భూమి కింది నూనె మీద చాలాచోట్ల ఆ భూమి యజమానులకే హక్కు ఉంటుంది. వాళ్ల నెలవారీ రాయల్టీ చెక్కు ఈ మీటర్ల మీద ఆధారపడుతుంది. మన దగ్గర పొలం గట్టు పక్కనే బావి ఉన్నా కింది ఖనిజం మీద రైతుకు ఆ హక్కు లేదు, రాయల్టీ సర్కారుకు వెళుతుంది. తాటిపాక రిఫైనరీ పక్క నుంచి బడికి వెళ్లిన మా తరానికి ఈ తేడా ఇక్కడికొచ్చాకే తెలిసింది. రెండు చోట్లా కొలత సరిగ్గా లేకపోతే ఎవరో ఒకరు నష్టపోతారు.

మన పిల్లలకు ఒక మాట

ఊరి నుంచి ఫోన్ చేసే విద్యార్థులు చాలామంది అడిగేది ఒకటే. ఏ మోడల్ నేర్చుకోవాలి, ఏ కోర్సు చేయాలి అని. కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజినీరింగు ఉంది. విశాఖలో 2016లో ఐఐపీఈ వచ్చింది. అక్కడ చదివే వాళ్లకూ, కంప్యూటర్ సైన్సు వాళ్లకూ కలిపి నేను చెప్పేది ఒకటే. మోడల్ మూడు నెలల్లో నేర్చుకోవచ్చు. సెన్సర్ ఎందుకు అబద్ధం చెబుతుందో తెలియాలంటే గొట్టం దగ్గరికి వెళ్లాలి. వీలైతే ఒక్క వారం రిగ్గు మీద రాత్రి డ్యూటీలో కూర్చోండి. నేను ఆ పని ముందే చేసి ఉంటే, ఆ ఒక్క వాక్యం అలా రాసేవాణ్ని కాదు.

నాన్నకు ఈ కథంతా ఆ సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పాను. టీ చల్లారిపోతున్నా వదలకుండా విన్నారు. తాతయ్య రాళ్ల దగ్గర మాత్రం ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

‘‘అయితే మీ యంత్రానికి ఇప్పుడు ముద్ర ఎవరేస్తున్నార్రా?’’ అన్నారు.

‘‘పంపులు ఆపినప్పుడు గొట్టం దగ్గర నిలబడి చూసే మనిషి నాన్నా.’’

‘‘ఆ మనిషికి కాస్త మంచి టీ పంపించండి. రాత్రి డ్యూటీ కదా’’ అని లేచి, కప్పు కడగడానికి సింకు దగ్గరికి వెళ్లారు.